రిపోర్టు వచ్చింది, కబురు చేరిందా?

2021 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఒకేసారి 19 జిల్లాల్లో రోగ నిర్ధారణ కేంద్రాలు తెరిచింది. జనగామ, మహబూబాబాద్ ఆ జాబితాలో ఉన్నాయి. భూపాలపల్లి లేదు, దాని నుంచి 2019లో విడిపోయిన ములుగు ఉంది. మొదట 57 రకాల పరీక్షలు చేసేవారు. 2023 నాటికి వాటిని 134కు పెంచారు. అన్నీ ఉచితమే. ఊరి దగ్గరి పీహెచ్‌సీలో రక్తం తీస్తారు, ట్యూబుకు బార్‌కోడ్ అంటిస్తారు. రోజూ ఒక దారి వెంట తిరిగే వాహనం వచ్చి ఆ ట్యూబులను జిల్లా కేంద్రానికి పట్టుకెళ్తుంది. అక్కడి పెద్ద యంత్రం పరీక్షిస్తుంది. ఫలితం ఆన్‌లైన్‌లో పీహెచ్‌సీకి, మెసేజ్‌గా రోగి ఫోన్‌కు వస్తుంది.

అంతకుముందు పీహెచ్‌సీ ల్యాబ్ అంటే ఒక మైక్రోస్కోపు, హిమోగ్లోబిన్ చూసే చిన్న పరికరం, మూత్రంలో చక్కెర చూసే పట్టీలు. థైరాయిడ్ పరీక్షకో, కిడ్నీ పరీక్షకో వరంగల్ బస్సెక్కాల్సిందే. కొత్త ఏర్పాటు పేదవాడికి చేసిన మేలు చిన్నది కాదు, ఆ సంగతి ముందే ఒప్పుకోవాలి. కానీ పాత పద్ధతిలో ఒక సౌలభ్యం ఉండేది, అప్పట్లో దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పరీక్ష చేసే మనిషి, వైద్యం చేసే మనిషి ఒకే కప్పు కింద ఉండేవారు. రోగి బయట బెంచీ మీద కూర్చుని ఉండేవాడు. హిమోగ్లోబిన్ నాలుగు కనిపిస్తే టెక్నీషియన్ చీటీ పట్టుకుని లేచి డాక్టరు గదిలోకి నడిచేవాడు. ఆ నాలుగడుగుల దూరం ఇప్పుడు నలభై, యాభై కిలోమీటర్లయింది. పరీక్ష నాణ్యత పెరిగింది, దాంతోపాటు పరీక్షకూ వైద్యానికీ మధ్య దూరమూ పెరిగింది. ప్రాణం మీదికి వచ్చిన ఫలితం ఆ దూరాన్ని ఎలా దాటుతోందన్నదే ఇక్కడ ప్రశ్న.

ప్రతి అసాధారణ ఫలితమూ ప్రాణాపాయం కాదు. 1972లో లాస్ ఏంజెలెస్ కౌంటీ ఆసుపత్రి పెథాలజిస్టు జార్జ్ లండ్‌బర్గ్ ఈ రెంటికీ మధ్య గీత గీశారు. వెంటనే ఏదో ఒకటి చేయకపోతే ప్రాణం పోయేంతగా గతి తప్పిన ఫలితం, అదే సమయంలో చేయడానికి ఏదో ఒక మార్గం ఉన్న ఫలితం అని ఆయన నిర్వచనం. అందులో రెండో సగాన్ని చాలామంది మరిచిపోతారు. చేయగలిగింది లేనప్పుడు అర్ధరాత్రి ఫోన్ మోగించి లాభం లేదు. చేయగలిగింది ఉండీ ఫోన్ మోగకపోతే మాత్రం అది తప్పే. ఇప్పుడు ప్రపంచమంతా వీటిని క్రిటికల్ వాల్యూస్ అంటోంది. అమెరికా వైద్య కేంద్రాలను ఆరా తీసి 1990లో అచ్చయిన ఒక సర్వేలో పెద్దవాళ్లకు సగటు హద్దులు ఇలా తేలాయి: పొటాషియం 2.8 కంటే తక్కువ లేదా 6.2 కంటే ఎక్కువ, రక్తంలో చక్కెర 46 కంటే తక్కువ లేదా 484 కంటే ఎక్కువ, సోడియం 120 కంటే తక్కువ లేదా 158 కంటే ఎక్కువ. ఒక్కో ఆసుపత్రి ఈ హద్దులను అటూ ఇటూ జరుపుకుంటుంది. మన దగ్గరా అంతే.

అమెరికాలో 1988 నాటి చట్టం కింద వచ్చిన నిబంధనలు ఇలాంటి ఫలితాన్ని ల్యాబ్ వెంటనే తెలియజేయాలని కచ్చితంగా చెబుతాయి. అందుకే పరిశోధన కూడా అక్కడే ఎక్కువ జరిగింది. 2002లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం 600కు పైగా సంస్థలను పరిశీలించింది. ఆసుపత్రిలో ఉన్న రోగి విషయం చెప్పడానికి ల్యాబ్‌కు సుమారు 6 నిమిషాలు పడితే, బయటి రోగి విషయంలో 14 నిమిషాలు పట్టింది. ఫోన్ ఎత్తింది ఎక్కువగా నర్సులే. నూటికి ఐదు ఫోన్లను ఎవరూ దొరక్క మధ్యలోనే వదిలేశారు. అలా వదిలేసిన వాటిలోనూ బయటి రోగులవే ఎక్కువ. 2004లో అచ్చయిన మరో అధ్యయనంలో ఒక బృందం 822 ఫోన్ కాల్స్‌ను గమనించింది. విన్నదాన్ని తిరిగి చెప్పమని అడిగితే 29 సార్లు తప్పు బయటపడింది. నూటికి మూడున్నర అన్నమాట. బోస్టన్‌లో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 1999లో అచ్చయ్యాయి. కంప్యూటరే ఫలితాన్ని గుర్తించి నేరుగా సంబంధిత డాక్టరు పేజర్‌కు పంపితే వైద్యం మొదలయ్యే సమయం 1.6 గంటల నుంచి ఒక గంటకు తగ్గింది.

ఈ లెక్కల్లో మనకు పనికొచ్చేది ఒక్కటే: అన్నిచోట్లా జారిపోయేది బయటి రోగే. వార్డులో ఉన్నవాడికి మంచం నంబరుంది, పక్కనే నర్సుంది. పరిశోధనల్లో ఎక్కువ భాగం ఆ వార్డు చుట్టూ తిరిగినవే. మన జిల్లా ల్యాబ్‌కు వచ్చే ట్యూబుల్లో ఎక్కువ భాగం అప్పటికే ఇల్లు చేరిన మనుషులవి. బ్రిటన్ పెథాలజిస్టుల రాయల్ కాలేజీ 2010లోనూ, సవరించి 2017లోనూ ఇచ్చిన మార్గదర్శకాలు మన స్థితికి కొంత దగ్గరగా ఉంటాయి. కుటుంబ వైద్యుడి క్లినిక్ మూసేశాక ఫలితం వస్తే ఎవరికి చెప్పాలన్న ప్రశ్నను అవి సూటిగా పట్టించుకున్నాయి. రెండు గంటల్లోపు చెప్పి తీరాల్సినవి, 24 గంటల్లోపు చెప్పాల్సినవి అని ఫలితాలను విడదీశాయి. ఈ విభజన మనకు అక్షరాలా పనికొస్తుంది.

మన నియమాల సంగతికొస్తే, కాగితం మీద లోటు లేదు. ల్యాబ్‌కు ఎన్ఏబీఎల్ గుర్తింపు కావాలంటే ఐఎస్ఓ 15189 ప్రమాణాన్ని పాటించాలి. ఫలితాన్ని ఎవరు చెప్పారు, ఎవరికి, ఏ సమయానికి అన్నది రాసి ఉంచాలని అది అడుగుతుంది. బాధ్యుడు దొరక్కపోతే తర్వాత ఎవరికి చెప్పాలో కూడా ముందే నిర్ణయించుకోవాలని 2022 నాటి కూర్పు చెబుతుంది. ఆసుపత్రులకు ఎన్ఏబీహెచ్, ప్రభుత్వ ఆసుపత్రులకు ఎన్‌క్వాస్ తమ తనిఖీలో ఇదే విషయం అడుగుతాయి. కానీ ఎన్ఏబీఎల్, ఎన్ఏబీహెచ్ గుర్తింపులు స్వచ్ఛందం. చిన్న పట్నంలో బస్టాండు ఎదురుగా ఉన్న ల్యాబ్‌కు అవి లేకపోయినా షట్టర్ తెరుచుకుంటుంది. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం తెలంగాణలోనూ ఉంది. దాని కింద జరిగే దాడుల వార్తల్లో కనిపించేవి రిజిస్ట్రేషన్ ఉందా, అర్హత ఉన్న మనిషి ఉన్నాడా అన్న ప్రశ్నలే. ఫోన్ చేశారా అని అడిగిన వార్త నా కంటబడలేదు.

ఇంకో చేదు నిజం ఉంది. వైద్య సేవలను వినియోగదారుల చట్టం పరిధిలోకి తెచ్చిన 1995 నాటి సుప్రీంకోర్టు తీర్పే, అందరికీ పూర్తి ఉచితంగా సేవలందించే ఆసుపత్రులను ఆ పరిధి బయట ఉంచింది. డబ్బు కట్టి పరీక్ష చేయించుకున్నవాడికి కబురు అందకపోతే వినియోగదారుల కమిషన్ గడప తొక్కవచ్చు. ఉచితంగా చేయించుకున్నవాడికి ఆ గడప లేదు. కాబట్టి ఉచిత వ్యవస్థ తన క్రమశిక్షణను తానే ఏర్పరుచుకోవాలి.

ఇక జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నేల చూద్దాం. మూడూ చాలావరకు పాత వరంగల్ జిల్లా ముక్కలే, 2016 అక్టోబరులో విడిపోయాయి. జనగామ హైదరాబాద్-వరంగల్ రోడ్డు మీద, రైలు దారి మీద ఉంది. అటు రాజధాని ఎనభై అయిదు కిలోమీటర్ల దూరం, ఇటు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి అంతకంటే దగ్గర. మహబూబాబాద్ పట్నానికి రైలుంది. కానీ గూడూరు దాటి కొత్తగూడ, గంగారం వైపు వెళ్తే అడవి, గుట్టలు, కోయగూడేలు, తండాలు. భూపాలపల్లి ఇంకో రకం. జిల్లా కేంద్రంలో సింగరేణి గనులు, కార్మికులకు సింగరేణి సొంత ఆసుపత్రి, చెల్పూరులో విద్యుత్ కేంద్రం. కాటారం, మహదేవపూర్ దాటి గోదావరి ఒడ్డున పలిమెల దాకా వెళ్తే మాత్రం ఫోన్ సిగ్నల్ కూడా దేవుడి దయ.

వానాకాలంలో ఈ నేల ల్యాబ్ వాహనం మాట వినదు. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరికి ఊరే మునిగింది. 2024 సెప్టెంబరు మొదటి రోజున మహబూబాబాద్ జిల్లా ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. విషజ్వరాలు ముసిరేదీ, శాంపిల్ ప్రయాణం ఆగిపోయేదీ ఒకే రుతువులో.

వాన లేని రోజున కూడా గడియారం ఎలా నడుస్తుందో చూడండి. ఉదయం పదింటికి రక్తం తీశారు. వాహనం నాలుగైదు పీహెచ్‌సీలు తిరిగి మధ్యాహ్నానికి జిల్లా ల్యాబ్ చేరింది. ట్యూబుల నమోదు, సెంట్రిఫ్యూజ్, యంత్రం వంతు అయ్యేసరికి సాయంత్రం. తెర మీద పొటాషియం 6.9 కనిపించింది. అప్పటికి పీహెచ్‌సీలో వైద్యాధికారి డ్యూటీ ముగిసింది. రోగి పత్తి చేలోనో, మిర్చి కల్లంలోనో ఉంది. మెసేజ్ వెళ్లిన నంబరు హైదరాబాద్‌లో పనిచేసే కొడుకుది. ఎవరినీ తప్పు పట్టలేం, అందరూ తమ పని చేశారు. కబురు మాత్రం చేరలేదు.

ఇక్కడ ల్యాబ్ వాళ్ల వైపు నుంచి ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది: ఆ 6.9 నిజమేనా? ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే దూరం నుంచి వచ్చే రక్తంలో అసలు ప్రమాదం, నకిలీ ప్రమాదం ఒకే అంకె వేసుకుని వస్తాయి. పొటాషియం ఎర్రకణాల లోపల దాగి ఉండే లవణం. సూది సన్నగా ఉండి గట్టిగా లాగినా, గతుకుల రోడ్డు మీద ట్యూబు కుదుపులకు గురైనా కణాలు చితికి అది బయటికి వస్తుంది. దాన్నే టెక్నీషియన్లు శాంపిల్ హిమోలైజ్ అయింది అంటారు. సీరం ఎర్రగా కనిపిస్తే పట్టుకోవచ్చు. కానీ కణాలు చితకకుండానే పొటాషియం బయటికి కారే దారి ఇంకొకటి ఉంది. సీరం వేరు చేయని రక్తాన్ని మంచు పెట్టెలో గంటల తరబడి ఉంచితే, చలికి కణాల గోడల్లోని పంపు మందగించి పొటాషియం మెల్లగా కారుతుంది. అప్పుడు సీరం తేటగానే కనిపిస్తుంది. చల్లగా ఉంచాం కదా, శాంపిల్ భద్రం అనుకునే చోటే మోసం జరుగుతుంది. వంకాయ రంగు మూత ట్యూబులో ఉండే మందు పొటాషియం లవణమే. ఆ ట్యూబులోంచి కాస్త రక్తాన్ని వేరే ట్యూబులో పోస్తే పొటాషియం ఆకాశానికి ఎక్కుతుంది, కాల్షియం పాతాళానికి దిగుతుంది. రెండూ కలిసి కనిపిస్తే అనుభవం ఉన్న టెక్నీషియన్ ఇట్టే పసిగడతాడు.

చక్కెరది తిరగబడిన కథ. వేరు చేయని రక్తంలో కణాలు చక్కెరను తింటూనే ఉంటాయి. మామూలు గది వేడిలో గంటకు నూటికి ఐదు నుంచి ఏడు వంతుల దాకా తగ్గుతుంది. ఉదయం 80 ఉన్న చక్కెర సాయంత్రానికి ప్రమాదపు అంచున కనిపించవచ్చు. బూడిద రంగు మూత ట్యూబు ఈ నష్టాన్ని తగ్గిస్తుంది, కానీ తొలి గంటలో అదీ పూర్తిగా ఆపలేదు. ప్లేట్‌లెట్ల విషయంలో కొందరి రక్తం ట్యూబులోని మందుతో గుంపులు కట్టి, యంత్రానికి లక్షన్నర కాస్తా ఇరవై వేలుగా కనిపిస్తుంది. గాజు పలక మీద రక్తం పూసి కంటితో చూస్తే తేలిపోతుంది.

కాబట్టి ల్యాబ్ చేతికి రెండు దారులు. అనుమానం తీరేదాకా ఫలితాన్ని ఆపడం ఒకటి. అనుమానంతో సహా ఫోన్ చేయడం రెండోది. వార్డు పక్కనే ల్యాబ్ ఉంటే మొదటి దారి ఫర్వాలేదు, కొత్త శాంపిల్ పది నిమిషాల్లో వస్తుంది. గంగారం శాంపిల్‌కు ఆ దారి లేదు. కొత్త శాంపిల్ రేపటి వాహనంలో వస్తుంది. ఆ రేపటిదాకా రోగి గుండె ఆగుతుందో లేదో ఎవరు చెప్పగలరు? అందుకే ఈ జిల్లాల్లో ల్యాబ్ ఆపకూడదు, అనుమానాన్ని విప్పి చెబుతూ ఫోన్ చేయాలి. అనుమానం తీర్చే సాధనం తరచూ రోగికి దగ్గరలోనే ఉంటుంది కూడా. పొటాషియం నిజంగా పెరిగితే చాలామందిలో ఈసీజీ గీతలో ఆ జాడ కనిపిస్తుంది. గీత మామూలుగా ఉన్నంత మాత్రాన నిశ్చింత లేదు గానీ, గీత మారి ఉంటే ఇక ఆలోచించే పని లేదు. అప్పుడు మొదట వాడే కాల్షియం గ్లూకోనేట్ సూది ప్రసవాలు జరిగే పీహెచ్‌సీలో ఉంటుంది, మెగ్నీషియం సల్ఫేట్‌కు విరుగుడుగా దాన్ని ఉంచుతారు. చక్కెర తగ్గిందంటే గ్లూకోమీటర్‌తో నిమిషంలో తెలుస్తుంది. ఏఎన్ఎం చేతిలో, పల్లె దవాఖానలో అది ఉండే వస్తువే. జిల్లా ల్యాబ్ చెప్పాల్సింది తీర్పు కాదు, వెళ్లి చూడమన్న కబురు.

మరి ఆ కబురు ఎవరికి? మెసేజ్ పంపాం కదా అనడం జవాబు కాదు. నీలం టిక్కులు పడ్డా అంతే. మెసేజ్ చదివేవాడికి 6.9 అంటే ఏమిటో తెలియదు, ఎదురుగా నక్షత్రం గుర్తు ఉన్నా తెలియదు. రోజూ వచ్చే అరవై రిపోర్టుల్లో ఒకటిగా పీహెచ్‌సీ కంప్యూటర్‌లో పడి ఉన్న ఫలితానికీ అదే గతి. మనిషి గొంతు మనిషి చెవిన పడాలి, విన్నానన్న మాట తిరిగి రావాలి.

ప్రైవేటు రంగంలో చిక్కు ఇంకో చోట ఉంది. జనగామ, తొర్రూరు, భూపాలపల్లి వంటి చోట్ల చాలా చిన్న ల్యాబ్‌లు శాంపిల్ సేకరించి, కొంత తామే చేసి, మిగతావి హన్మకొండకో హైదరాబాద్‌కో పంపుతాయి. ఫలితం రాత్రి పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో దిగుతుంది. రిపోర్టు పైన పంపిన డాక్టరు పేరు ఉండాల్సిన చోట ‘సెల్ఫ్’ అని ఉంటుంది. అంటే రోగి తనంతట తానే వచ్చాడని. కొన్నిసార్లు పంపింది ఊరి ఆర్‌ఎంపీ, కాగితం మీద ఆయన పేరు వేయలేరు. హైదరాబాద్ ల్యాబ్‌లోని పెథాలజిస్టు నిజాయితీగా ఫోన్ చేద్దామనుకున్నా ఆయన దగ్గర ఉన్న నంబరు శాంపిల్ పంపిన సేకరణ కేంద్రం కుర్రాడిది. ఆ కుర్రాడు ‘సరే సార్’ అంటాడు. అక్కడితో ల్యాబ్ రిజిస్టర్ నిండుతుంది, ఐఎస్ఓ శాంతిస్తుంది. ‘సెల్ఫ్’ అని రాసిన ప్రతి శాంపిల్‌కూ రాత్రిపూట ఎత్తే రెండు ఫోన్ నంబర్లు తీసుకోకుండా సూది గుచ్చకూడదన్నది కనీస నియమం కావాలి. ఊళ్లో జనం ఆర్‌ఎంపీ మాటే వింటారు కాబట్టి, చట్టం ఆయన వైద్యాన్ని ఒప్పుకోకపోయినా, రోగిని బండెక్కించే పనిలో ఆయన సాయం తీసుకోవడం పాపం కాదు. ఈ మాటకు కొందరు డాక్టర్లకు కోపం రావచ్చు.

ప్రభుత్వ వైపు మాత్రం మనకున్న బలం ఇంకెవరికీ లేదు. ఏ ఊళ్లో ఏ ఇల్లు ఎవరిదో తెలిసిన ఆశా కార్యకర్త ఉంది. వైద్యాధికారి ఫోన్ ఎత్తకపోతే స్టాఫ్ నర్సు, ఆమె దొరక్కపోతే సూపర్‌వైజర్, ఏఎన్ఎం, చివరికి ఆశమ్మ. 2005 నుంచి తిరుగుతున్న 108 ఉంది. గొలుసులో కొక్కేలన్నీ ఉన్నాయి, వాటిని కలిపి ఉంచే ఆదేశం ఒకటే కావాలి. సాయంత్రం నాలుగు నుంచి ఉదయం తొమ్మిది దాకా ఏ పీహెచ్‌సీ తరఫున ఎవరు ఫోన్ ఎత్తాలో ఒక కాగితం మీద రాసి ల్యాబ్ గోడకు అంటించాలి, నెలనెలా మార్చాలి. బదిలీ అయిపోయిన డాక్టరు నంబరుకు ఫోన్ చేసి దొరకలేదని రాసుకోవడం కుదరదు.

ఆశమ్మకు ఎంత చెప్పాలన్నది సున్నితమైన విషయం. ఆమె పొరుగింటి మనిషి, రోగి రహస్యం ఊరికి తెలిసే ప్రమాదం ఉంది. హెచ్‌ఐవీ లాంటి వాటిలో 2017 నాటి చట్టమే గోప్యతను కట్టుదిట్టం చేసింది. ఆమెకు అంకె చెప్పనక్కర్లేదు. ‘ఫలానా ఇంటి పెద్దమ్మను ఇప్పుడే దవాఖానకు తీసుకురావాలి, 108కి చెప్పాం’ అంటే చాలు.

తండాల్లో ఇంకో చిక్కు ఉంది. మహబూబాబాద్ జిల్లాలో లంబాడాల జనాభా ఎక్కువ. బానోత్, గుగులోత్, ధరావత్ వంటి ఇంటిపేర్లు ఒక్క తండాలోనే పదుల ఇళ్లకు ఉంటాయి. అదే ఇంటిపేరుతో, అదే పేరుతో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఒకే పీహెచ్‌సీకి వస్తారు. పేరు చెప్పి ఫోన్ పెట్టేస్తే తప్పు మనిషిని అంబులెన్స్ ఎక్కించవచ్చు, అసలు మనిషి ఇంట్లోనే ఉండిపోవచ్చు. ఫోన్ ఇలా సాగాలి:

‘సార్, జిల్లా ల్యాబ్ నుంచి. మీ పీహెచ్‌సీ శాంపిల్, బార్‌కోడ్ చివరి నాలుగు అంకెలు రాసుకోండి. ఆడమనిషి, 52 ఏళ్లు, తండా పేరు ఇది, భర్త పేరు ఇది. పొటాషియం ఆరు పాయింట్ తొమ్మిది. సీరం తేటగానే ఉంది, కానీ శాంపిల్ ఆరు గంటల తర్వాత వేరు చేశాం. ఒకసారి తిరిగి చెప్పండి సార్.’

టెక్నీషియన్ డాక్టరును తిరిగి చెప్పమని అడగడం మన దగ్గర మొహమాటం. అవుట్‌సోర్సింగ్ మీద చేరిన కుర్రాడు సివిల్ సర్జన్‌తో ‘మళ్లీ చెప్పండి’ అంటే వినడానికి బాగుండదేమో. అందుకే అది అతని ఇష్టానికి వదిలే విషయం కాకూడదు, పై నుంచి వచ్చిన ఉత్తర్వుగా ఉండాలి. అప్పుడు మొహమాటం ఉండదు.

ఏ ఫలితాలకు ఫోన్ చేయాలి? ఇక్కడ మనం సాధారణంగా చేసే పొరపాటు జాబితాను పెంచుకుంటూ పోవడం. రోజుకు ఇరవై ఫోన్లు వస్తే డాక్టరు ఇరవై ఒకటోది ఎత్తడు, అదే అసలైనది కావచ్చు. డయాలసిస్ మీద ఉన్న మనిషికి క్రియాటినిన్ తొమ్మిది ఉండటం కొత్త కబురు కాదు, పొటాషియం ఏడు ఉండటం కబురు. ల్యాబ్‌కు ఈ తేడా తెలియాలంటే రోగి గురించి రెండు ముక్కలు ముందే రాయాలి. గర్భిణుల రక్తహీనత ఇందుకు మంచి ఉదాహరణ. హిమోగ్లోబిన్ ఏడు కంటే తక్కువైతే తీవ్రం. ఎనీమియా ముక్త్ భారత్ నియమం ప్రకారం ఐదు కంటే తక్కువైతే ఏ నెలలో ఉన్నా వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. ఐదుకూ ఏడుకూ మధ్య ఉంటే చివరి మూడు నెలల్లో చేర్చాలి. అంటే ఆరున్నర అనే ఒకే అంకె మూడో నెలలో ఒకలా, ఎనిమిదో నెలలో మరోలా పలుకుతుంది. శాంపిల్ పంపే ఫారంలో నెల రాయకపోతే ఈ తేడా జిల్లా ల్యాబ్‌కు అందదు. రెండు అక్షరాల గడి అది, చాలాసార్లు ఖాళీగా వెళ్లే గడి కూడా.

డెంగీ కాలంలో తెలుగునాట ఊరూవాడా ప్లేట్‌లెట్ల జపం చేస్తుంది. తొంభై వేలకు పడ్డాయంటే ఇల్లంతా ఏడుపు. రక్తస్రావం లేనప్పుడు పదివేల కంటే తగ్గితేనే ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించమని మన జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. డెంగీలో తరచూ ప్రాణం తీసేది రక్తనాళాల్లోంచి ద్రవం కారిపోయి వచ్చే షాక్. హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) పెరుగుతుండగా ప్లేట్‌లెట్లు చకచకా పడిపోవడం దానికి ఆనవాలు. ఆ హిమటోక్రిట్ అంకెను ఇంట్లోవాళ్లు ఎలాగూ చూడరు, ల్యాబ్ కూడా దాన్ని ఎత్తి చూపకపోతే ఎవరూ చూడరు. అన్నీ ఫోన్ చేసి చెప్పేవాడికి ఏది ముఖ్యమో తెలియనట్టే లెక్క.

రెండు జబ్బుల్లో మాత్రం ఈ ప్రశ్నే లేకుండా పోయింది, ఆ విజయం గురించి ఎక్కువమంది మాట్లాడరు. ఏజెన్సీ ఊళ్లలో జ్వరం వస్తే ఆశా కార్యకర్త చేతిలో మలేరియా కిట్ ఉంటుంది. వేలి రక్తపు బొట్టుతో పావుగంటలో ఫాల్సిపారమ్ అవునో కాదో తెలుస్తుంది. అవునంటే మందు అక్కడే మొదలవుతుంది. పాముకాటుకు ఒక శుభ్రమైన గాజు గొట్టం చాలు. రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూడాలి. గడ్డకట్టకపోతే రక్తపింజర లాంటి దాని విషం ఎక్కినట్టే, విరుగుడు మందు మొదలుపెట్టాలి. ఈ రెండు చోట్లా పరీక్ష చేసే చేయి, వైద్యం చేసే చేయి మళ్లీ పక్కపక్కకు వచ్చాయి. అన్ని పరీక్షలనూ అలా ఊరికి తేలేం. పొటాషియం, సోడియం చూసే చిన్న యంత్రాలను అడవి మండలాల ఆసుపత్రులకైనా ఇవ్వవచ్చు. కానీ వాటికి వేసే క్యాట్రిడ్జిలు ఖరీదైనవి, వేడికి పాడవుతాయి. యంత్రం ఉండి క్యాట్రిడ్జి లేని స్థితి మనకు కొత్తకాదు.

వైద్య కళాశాలలు వచ్చాక చిత్రం కొంత మారింది. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ కళాశాలలు మొదలయ్యాయి. వాటితో పెథాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ విభాగాలు వచ్చాయి. పీహెచ్‌సీ వైద్యాధికారి 6.9 చూసి తికమకపడితే అడగడానికి జిల్లాలోనే ఒక బయోకెమిస్టు ఉన్నారు. ఈ విభాగాలు విద్యార్థులకు పాఠాలు చెప్పి ఊరుకోకుండా జిల్లా ల్యాబ్ ఫోన్ల బాధ్యత కూడా తీసుకోవాలి. రాత్రి డ్యూటీలో ఉండే జూనియర్ డాక్టరుకు దీన్ని మించిన చదువు ఏముంటుంది?

ఇక రిజిస్టర్. ప్రమాణాలన్నీ అడిగేది ఎవరికి చెప్పారన్న గడి దాకానే. ఆ పక్కన ఇంకో గడి గీయాలి: రోగి ఏమైంది? మర్నాడు ఉదయం ల్యాబ్ నుంచి పీహెచ్‌సీకి ఇంకో ఫోన్ వెళ్లి ఆ గడి నిండాలి. ఎంజీఎంకు పంపారా, ఇంట్లో దొరకలేదా, రెండో శాంపిల్ మామూలుగా వచ్చిందా, చనిపోయిందా. నెలాఖరున జిల్లా వైద్యాధికారి సమీక్షలో చేసిన పరీక్షల సంఖ్యతోపాటు ఈ గడిని కూడా చదివించాలి. ఎన్ని వేల పరీక్షలు చేశామన్నది ఇప్పటికే గట్టిగా చెప్పుకుంటున్నాం. ప్రాణాపాయమని తేలినవాళ్లలో ఎంతమందిని చేరుకున్నామన్నది కూడా చెప్పగలగాలి. దీనికి కొత్త భవనం, కొత్త యంత్రం అక్కర్లేదు. ఒక ఉత్తర్వు, ల్యాబ్‌కు ఒక ఫోన్, రాత్రి ఎనిమిది దాకా ఒక బాధ్యుడు ఉంటే ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.

అప్పటిదాకా పాఠకులు చేయగలిగింది ఒకటుంది. మీ అమ్మకో నాన్నకో రక్తం తీసేటప్పుడు ఫారంలో మీ పట్నం నంబరు ఒక్కటే ఇవ్వకండి. వాళ్లతో ఒకే ఇంట్లో ఉండేవాళ్లది, లేకపోతే పక్కింటివాళ్లది కూడా రాయించండి. ఫలితంలో ప్రమాదం కనిపిస్తే ఎవరికి ఫోన్ చేస్తారని సూది గుచ్చకముందే అడగండి. ఆ రాత్రి కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తండి.